‘డ్రాబీ’ అంటే ఎవరు? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రెండు ప్రపంచ యుద్ధాల్లో సరుకులు మోసిన భారతీయ కంచర గాడిదల దళాల మీద ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని మీరు తెలుగు చేస్తున్నారు. అందులో ఆ జంతువులను నడిపేవాళ్లను ‘డ్రాబీ’లు అన్నారు. మీ దగ్గరున్న నిఘంటువుల్లో ఆ మాట లేదు. అది ‘ద్రావిడి’ నుంచి వచ్చిందనీ, అంటే వాళ్లు మన దక్షిణాది వాళ్లేననీ ఒకాయన చెప్పారు. ఖాకీ బట్టల మట్టిరంగును ఇంగ్లిష్‌లో ‘డ్రాబ్’ అంటారు కాబట్టి దాని నుంచి వచ్చిందని ఇంకొకరు అన్నారు. ఏది నిజం, తెలుగులో ఏమని రాయాలి అన్నది మీ సందేహం.

రెండూ కావు. డ్రాబీ అంటే డ్రైవర్. ఇంగ్లిష్ ‘డ్రైవర్’ హిందుస్తానీ మాట్లాడేవాళ్ల నోట్లో నలిగి డ్రాబీ అయింది. అయ్యాక అదే రూపంలో మళ్లీ ఇంగ్లిష్ కాగితాల్లోకి ఎక్కింది. అయితే ఏ డ్రైవర్ని పడితే ఆ డ్రైవర్ని డ్రాబీ అనరు. సైన్యం సరుకులు మోసే ఖచ్చర్లను, వాటి బళ్లను నడిపేవాడే డ్రాబీ. (ఖచ్చర్ అంటే కంచర గాడిద. సర్వీసంతా ఖచ్చర్ అనే అన్నాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.)

నేను సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో, జంతువులతో రవాణా చేసే ఏనిమల్ ట్రాన్స్‌పోర్ట్ వైపు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. దాన్ని మేం ‘ఏటీ’ అనేవాళ్లం. నేను చేరేనాటికి కాగితాల మీద ‘ఏటీ డ్రైవర్’ అనే రాసేవారు. డ్రాబీ అన్న మాట పాత ఉస్తాదుల నోటే వినిపించేది, అదీ ఎక్కువగా కొత్తవాళ్లను తిట్టేటప్పుడు. ఆ కుతూహలంతోనే తర్వాత ఈ మాట పుట్టుపూర్వోత్తరాల వెంట పడ్డాను.

ముందు మాట సంగతి చూద్దాం. బ్రిటిష్ వాళ్ల కాలంలో భారతీయ భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్ నుంచి మన నోళ్లలోకి దొర్లిన మాటలన్నిటినీ పోగేసిన నిఘంటువు ఒకటుంది, హాబ్సన్-జాబ్సన్. యూల్, బర్నెల్ కలిసి కూర్చింది 1886లో అచ్చయింది, 1903లో విలియం క్రూక్ సవరించి మళ్లీ వేశారు. ఆ 1903 కూర్పులో డ్రాబీ అన్న మాటకు చోటుంది. ఇంగ్లిష్ ‘డ్రైవర్’కు సైన్యం వెంట నడిచే పరివారం చేసుకున్న అపభ్రంశమని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని కింద 1900 మార్చి నాటి పయనీర్ మెయిల్ పత్రిక నుంచి ఒక వాక్యం కూడా ఇచ్చారు. డ్రాబీలకూ గడ్డి కోసేవాళ్లకూ పెట్టిన ఖచ్చర్ల పందెం సరదాగా సాగిందని దాని సారాంశం. అంటే అప్పటికే ఏ వివరణా అక్కర్లేకుండా పత్రికలో వాడేంతగా మాట పాతబడిపోయింది.

‘డ్రైవర్’ ఎలా ‘డ్రాబీ’ అవుతుందని మీకు అనిపించవచ్చు. సైన్యంలో ఇది మామూలే. రిక్రూట్ ‘రంగ్రూట్’ అయ్యాడు, ఆర్డర్లీ ‘అర్దలీ’ అయ్యాడు, జనరల్ ‘జర్నైల్’, కర్నల్ ‘కర్నైల్’, క్యాప్టెన్ ‘కప్తాన్’ అయ్యారు. మనమూ తక్కువ తినలేదు, బెటాలియన్‌ని ‘పటాలం’ చేసి ఎప్పటి నుంచో వాడుకుంటున్నాం. ‘వ’ కాస్తా ‘బ’గా మారడం ఉత్తరాది యాసల్లో అడుగడుగునా వినిపించేదే. ఇక చివరి ‘ఈ’ మాటంటారా, నా లెక్కలో అది తోటి మాటల సావాసం వల్ల వచ్చింది. దండు వెంట నడిచే పనివాళ్ల పేర్లు చూడండి: సిపాహీ, ధోబీ, భిస్తీ, మిస్త్రీ, బావర్చీ, ఖలాసీ. ఆ వరసలో నిలబడ్డ కొత్తవాడికి కూడా అదే తోక తగిలించారు.

‘ద్రావిడి’ వాదన ఎందుకు నిలబడదు. వినడానికి బాగానే ఉంటుంది. బెంగాలీలో ద్రావిడకు ‘ద్రాబిడ’ అనే ఉచ్చారణ ఉంది కూడా. కానీ దాన్ని పుట్టించింది రోమన్ లిపి. ఇంగ్లిష్ అక్షరాల్లో ద, డ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నోటితో పలికితే తేడా తెలిసిపోతుంది. ద్రావిడలో ఉన్నది పళ్లకు నాలుక తగిలే ‘ద’. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటల్లో మనవాళ్లు పలికేది నాలుక మడిచే ‘డ’: డాక్టర్, డిపో, డ్రిల్లు. మా ఉస్తాదులు డ్రాబీని గట్టి ‘డ’తోనే పిలిచారు తప్ప ‘ద్రాబీ’ అని ఎవరి నోటా వినలేదు. రెండో కారణం ఇంకా సూటిది. ఈ పనిలో చేరినవాళ్లలో పంజాబీలే ఎక్కువ. 1939లో ఫ్రాన్స్‌కు వెళ్లిన ఖచ్చర్ కంపెనీల్లో అత్యధికులు పంజాబీ ముస్లింలు. వాళ్లను ‘ద్రావిడులు’ అని ఎవరు పిలుస్తారు?

మట్టిరంగు వాదన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ రంగు బట్టలు సైన్యమంతా వేసుకుంది. ఖచ్చర్లు నడిపేవాడికి మాత్రమే ఆ పేరెందుకు అతుక్కుంటుంది?

ఇప్పుడు అసలు రుచికరమైన సంగతి. డ్రైవర్ అనగానే మనకు స్టీరింగు గుర్తొస్తుంది. కానీ ఆ మాట మోటారు కన్నా చాలా పాతది. ఇంగ్లిష్‌లో ‘డ్రైవ్’ అంటే ముందు అర్థం జంతువులను అదిలించి ముందుకు నడపడం. బ్రిటిష్ సైన్యంలో ఫిరంగులు లాగే గుర్రాలను నడిపే సైనికుడి హోదా పేరే డ్రైవర్. కార్లు వచ్చాక ఆ పేరు వాటికీ పాకింది. తెలుగులో ‘తోలడం’ సరిగ్గా ఇదే దారిలో వచ్చింది. గొడ్లను తోలతాం, ఈగల్ని తోలతాం, తర్వాత బండి తోలాం, ఇప్పుడు మా ఊళ్లో ఆటో, లారీ, ట్రాక్టరు అన్నీ తోలతారు. కాబట్టి ‘డ్రాబీ’ని ఒక్క మాటలో విడమర్చమంటే ‘తోలేవాడు’ అంటాను.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. తోలేవాడు జంతువు వెనక ఉండాలి. కానీ కొండ దారిలో ఖచ్చర్‌ను నడిపేవాడు ముందుంటాడు, పగ్గం పట్టుకుని దాని ఎడమ భుజం పక్కన. అంటే లాక్కెళ్లేవాడే తప్ప తోలేవాడు కాదు. మరి ఆ పేరెందుకు? భారత సైన్యం ట్రాన్స్‌పోర్ట్‌లో ఖచ్చర్లు వీపు మీద మోయడమే కాదు, రెండు చక్రాల బండిని జంటగా లాగేవి. ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్ కార్ట్, ఏటీ కార్ట్ అనేవారు. బండి దగ్గర అతను నిజంగానే డ్రైవర్. బండి వెళ్లలేని చోట అదే మనిషి అదే జంతువు వీపు మీద సామాను కట్టి నడిచాడు. పని మారినా పేరు మారలేదు.

ఈ పని ఏమిటో కాస్త దగ్గర నుంచి చెబుతాను, తెలుగు చేసేటప్పుడు మీకు ఉపయోగపడుతుంది. ఖచ్చర్ అనేది గాడిద తండ్రికి, గుర్రం తల్లికి పుట్టింది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, దీనికి 63. అందుకే దాదాపుగా పిల్లలు పుట్టవు. సైన్యంలో రెండు రకాలు. మామూలు సరుకులు మోసేది జీఎస్ (జనరల్ సర్వీస్). పర్వత ఫిరంగుల విడిభాగాలు మోసే కాస్త భారీ శరీరం ఉన్నది ఎంఏ (మౌంటెన్ ఆర్టిలరీ). జీఎస్ ఖచ్చర్‌కు పాత లెక్కలో రెండు మణుగుల (మన మణుగు కాదు, ఉత్తరాది పెద్ద మణుగు) బరువు, అంటే 160 పౌన్లు, ఇప్పటి లెక్కలో 72 కిలోల చిల్లర.

ఆ బరువు వీపు మీద పెట్టడంలోనే విద్యంతా ఉంది. సామానును రెండు సమానమైన మూటలుగా కడతారు. డ్రైవర్ ఎదురుగా నిలబడి తల పట్టుకుంటాడు. చెరో పక్కన ఒక్కో మనిషి మూట ఎత్తి ఒకే క్షణంలో జీనుకు తగిలించాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే జీను ఒక పక్కకు ఒరుగుతుంది, ఖచ్చర్ తుళ్లిపడుతుంది, ఆ తర్వాత ఆ రోజంతా అది దగ్గరకు రానివ్వదు. ఒక పక్క రెండు కిలోలు ఎక్కువైనా చాలు. పొద్దున్న ఏమీ తెలియదు గానీ, సాయంత్రం జీను దించేసరికి మెడకూ వీపుకూ మధ్య ఎముక తేలిన చోట తోలు ఊడి ఉంటుంది. పుండు పడిన ఖచ్చర్ కొన్ని వారాలు పనికిరాదు. ఆ పుండుకు జవాబు చెప్పుకోవాల్సింది డ్రైవరే.

ఇంకో తమాషా. కడుపు కింద పటకా బిగించేటప్పుడు ఖచ్చర్ గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. కొత్తవాడు బాగా బిగించాననుకుని బయల్దేరతాడు. కొంత దూరం నడిచాక అది గాలి వదిలేస్తుంది, పటకా వదులవుతుంది, మొదటి ఏటవాలులో సామాను కడుపు కిందకు జారుతుంది. అందుకే నాలుగైదు వందల గజాలు పోయాక ఆగి మళ్లీ బిగించాలన్నది నియమం. జీనుకు రొమ్ము ముందు ఒక పట్టీ, తొడల వెనక ఒక పట్టీ ఉంటాయి. ఎక్కేటప్పుడు ముందుది ఆపుతుంది, దిగేటప్పుడు వెనకది. ఈ సామాన్ల జీనును హిందీలో ‘పలాన్’ అంటారు. మన పాత తెలుగులో ఉన్న ‘పల్యాణం’ దానికి చుట్టమే.

పగ్గం పట్టి నడిచేటప్పుడు వెనక్కి తిరిగి దాని మొహంలోకి చూడకూడదు. చూస్తే ఆగిపోతుంది. మీరు ముందుకు చూస్తూ నడిస్తే మీతో నడుస్తుంది. వెనక నుంచి దగ్గరకు వెళ్లకూడదు, భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి. చెవులు వెనక్కి అతుక్కుపోయాయంటే దూరంగా జరగడం మంచిది. గుర్రం ఎక్కువగా వెనక్కే తంతుంది, ఇది పక్కకు కూడా తంతుంది. మురికి నీళ్లు ముట్టదు. దాని మొండితనం గురించి అందరూ జోకులు వేస్తారు గానీ, నా అనుభవంలో అది మొండికేసిన చోట సగం సార్లు దారే బాగుండదు. కింద రాయి కదిలితే మనకన్నా ముందు దానికి తెలుస్తుంది.

ఇక హోదా సంగతి. ఇది మీ వ్యాసానికి ముఖ్యం. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి డ్రాబీ సిపాయి లెక్కలోకి రాడు. సైన్యం పుస్తకాల్లో అతను ‘ఫాలోవర్’, అంటే దండు వెంట వచ్చే పనివాడు. ఫాలోవర్లలోనూ మెట్లున్నాయి. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లకన్నా డ్రాబీలు, డోలీ మోసే కహార్లు ఒక మెట్టు పైన. 1914లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు, డ్రాబీకి అంతకన్నా తక్కువ. పాత వాయవ్య సరిహద్దు (ఫ్రాంటియర్) యుద్ధాల మెడళ్లు సిపాయికి వెండివి ఇస్తే, ఫాలోవర్‌కు అదే మెడల్ కంచుది ఇచ్చేవారు. గుండ్లు మాత్రం ఈ తేడా చూడలేదు.

అందువల్ల ‘డ్రాబీ’లో ఉన్నది ఉచ్చారణ ఒక్కటే కాదు. ఫిరంగి దళంలో గుర్రాలు నడిపే తెల్లవాడు కాగితం మీద ‘డ్రైవర్’. అదే పని చేసే పంజాబీ రైతు కొడుకు ‘డ్రాబీ’. ఇంగ్లిష్ అధికారికి అసలు మాట తెలియక అలా రాయలేదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. మౌంటెన్ బ్యాటరీల డ్రైవర్లను డ్రాబీలతో కలిపేయకండి. పర్వత ఫిరంగి దళాల్లోనూ ఖచ్చర్లే ఉన్నాయి, కానీ వాటిని నడిపే డ్రైవర్లు సైనికులుగా చేరినవాళ్లు, గన్నర్లతో సమానంగా బ్యాటరీలో భాగం. సరుకులు మోసే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు వేరు. ఒకే కొండ మీద, ఒకే నెలలో, ఇద్దరూ కనిపిస్తారు కాబట్టి తికమక పడటం సులువు.

గల్లిపోలీ అలాంటి చోటే. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు టర్కీ తీరంలో దిగినప్పుడు మన కోహాట్, జాకబ్స్ మౌంటెన్ బ్యాటరీలు వాళ్లతో పాటే దిగాయి. వెనకే ఇండియన్ మ్యూల్ కార్ట్ ట్రైన్ (మ్యూల్ అంటే ఖచ్చర్, ట్రైన్ అంటే ఇక్కడ రైలు కాదు, బళ్ల దండు) వచ్చింది, డ్రాబీలు అందులోని వాళ్లు. నీళ్లు, తిండి, గుండ్లు అన్నీ సముద్రపు ఒడ్డు నుంచి పైన కందకాలకు చేరాలి. పగలు కదిలితే టర్కీ గన్నుల కంట పడతారు, అందుకే ఎక్కువ పని రాత్రిళ్లే. అక్కడి ఒక లోయకు ‘మ్యూల్ గల్లీ’ అన్న పేరు ఇప్పటికీ ఉంది. గాడిద మీద క్షతగాత్రులను మోసి ఆస్ట్రేలియాలో పేరు మోగిన సింప్సన్ తన దళాన్ని వదిలి మన బ్యాటరీ వాళ్ల మకాంలోనే ఉండేవాడు, వాళ్ల తిండే తినేవాడు. మే 19న చనిపోయాడు. ఆయన పేరు అక్కడి పిల్లలకు కూడా తెలుసు. మొత్తం గల్లిపోలీలో దాదాపు 16 వేల మంది భారతీయులు పనిచేశారని ఆస్ట్రేలియా చరిత్రకారుడు పీటర్ స్టాన్లీ లెక్క తేల్చారు. అది చాలా ఆలస్యంగా, మన కాలంలో జరిగిన పని.

ఇక మీ వ్యాసంలోని డన్‌కర్క్ భాగం, అంటే 1940లో జర్మన్ల ధాటికి బ్రిటిష్ సైన్యం ఓడలెక్కి తప్పించుకున్న ఫ్రాన్స్ రేవు. 1939 నాటికి బ్రిటన్ తన సైన్యాన్ని మోటార్ల మీదకు మార్చేసింది. ఫ్రాన్స్ బురదలో, ఆ చలికాలం మంచులో లారీలు కూరుకుపోతాయన్న భయంతో మళ్లీ ఖచ్చర్లు కావాలని ఇండియాను అడిగింది. అలా వెళ్లిన దళం పేరు ఫోర్స్ కే6. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు చెందిన 22, 25, 29, 32 నంబర్ల ఏటీ కంపెనీలు బొంబాయిలో ఓడెక్కి డిసెంబర్ 26న మార్సేల్స్‌లో దిగాయి. 1940 మే, జూన్‌లలో వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు 22వ కంపెనీ జర్మన్లకు చిక్కింది. మిగతావాళ్లు ఇంగ్లండ్ చేరారు, ఖచ్చర్లను మాత్రం వదిలేసి రావాల్సి వచ్చింది. ఆ గందరగోళంలో తనవాళ్లను నిబ్బరంగా నడిపించినందుకు జెమాదార్ మౌలా దాద్ ఖాన్‌కు ఐడీఎస్ఎం (ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్) పతకం వచ్చింది. ఆ తర్వాత వాళ్లు 1944 జనవరి దాకా బ్రిటన్‌లోనే ఉన్నారు. వేల్స్‌లో, స్కాట్లాండ్‌లో కొండలెక్కడం నేర్పారు, నేర్చుకున్నారు. స్కాట్లాండ్‌లోని కింగస్సీ ఊరి శ్మశానంలో వాళ్ల సమాధులున్నాయి. ఈ కాలానికి హోదా పేరు ‘డ్రైవర్’గా మారుతూ వచ్చింది, డ్రాబీ వాడుకలో మిగిలింది. మీ మూల వ్యాసం ఎక్కడ ఏ మాట వాడిందో అదే ఉంచండి.

బర్మా సంగతి ఒక్క ముక్క. 1943–44లో బ్రిటిష్ వాళ్ల చిండిట్ దళాలు జపనీయుల వెనక అడవుల్లో తిరిగినప్పుడు, అరుపు వినపడకూడదని ఖచ్చర్ల స్వరతంత్రులు కోసేశారు. మా ట్రైనింగ్‌లో ఈ సంగతి చెప్పిన ఉస్తాద్ దాని మీద ఏ వ్యాఖ్యానమూ చేయలేదు.

మన కాలానికి వస్తే పెడాంగీ. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, వీపు మీద వాళ్లు కట్టిన మెషిన్ గన్నుతో సహా మన వైపు తిరిగొచ్చేసిన ఖచ్చర్. గిట్ట నంబరు 15328. సైన్యంలో ఖచ్చర్‌కు పేరుండదు, నంబరే ఉంటుంది. దీనికి మాత్రం 1987లో ఉత్తర బెంగాల్ ఊరు పెడాంగ్ పేరు మీద పేరు పెట్టారు. 1998లో చనిపోయింది. ఏటీ వాళ్లెవరిని అడిగినా ఈ కథ చెబుతారు. ఇప్పుడైతే నాలుగు కాళ్ల యంత్రాలే వచ్చేశాయి. 2025 జనవరిలో పుణెలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో రోబోటిక్ మ్యూల్స్ నడిచాయి.

వేరే భాషల్లో ఈ మనిషిని ఏమంటారు? మీరు అడగలేదు గానీ, యుద్ధ చరిత్ర తెలుగు చేస్తున్నారు కాబట్టి ముందు ముందు ఎదురవుతాయి. స్పానిష్‌లో ‘అర్రియేరో’. జంతువును కదిలించడానికి వేసే ‘అర్రే’ అన్న కేక నుంచి వచ్చింది. అంటే అరుపే పేరైపోయింది. రోమన్లు ‘మూలియో’ అనేవారు. ఆ తర్వాత చక్రవర్తి అయిన వెస్పేషియన్, డబ్బులకు కటకటలాడి ఖచ్చర్ల వ్యాపారం చేసినందుకు జనం ఆయన్ని ఆ పేరుతోనే ఎగతాళి చేశారు. అమెరికాలో ‘మ్యూల్ స్కిన్నర్’ అని చూస్తే కంగారు పడి ‘తోలు వలిచేవాడు’ అని రాసేయకండి, అది ఖచ్చర్లను లొంగదీసి నడిపేవాడికి పెట్టిన మోటు ముద్దుపేరు. 1880ల్లో డెత్ వ్యాలీ నుంచి బోరాక్స్ లాగిన ‘ఇరవై ఖచ్చర్ల’ బళ్లను నడిపింది ఇలాంటివాళ్లే. ఆ ఇరవైలో నిజానికి 18 ఖచ్చర్లు, 2 గుర్రాలు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పోర్చుగీసు మాట ‘అల్మొక్రేవ్’. అరబ్బులు స్పెయిన్, పోర్చుగల్ ఏలిన రోజుల్లో ‘అల్-ముకారీ’ అనేవారు, అంటే జంతువులను అద్దెకు తిప్పేవాడు. అద్దెకు అరబ్బీలో ‘కిరా’. అదే టర్కీ ద్వారా బాల్కన్ కొండల్లో ‘కిరిజియా’ అయి ఖచ్చర్ల బిడారు నడిపేవాడికి పేరైంది. పారశీకం మీదుగా మన హైదరాబాదుకొచ్చి ‘కిరాయి’ అయింది. కిరాయికి ఇల్లు వెతుక్కునే మనిషికి తన మాట లిస్బన్ ఖచ్చర్లవాడికి చుట్టమని తెలియదు.

బ్రిటిష్ సైన్యంలోనే ఇంకో దళం ఉంది. మొదటి యుద్ధంలో గ్రీసు ఉత్తరాన పోరు నడిచినప్పుడు సైప్రస్ నుంచి వేల మందిని మాసిడోనియన్ మ్యూల్ కోర్‌లో చేర్చుకున్నారు. వాళ్ల కాగితాల్లో ‘మ్యూలెటీర్’ అని రాశారు. సైన్యం ఒకటే, పనీ ఒకటే, పేరు మాత్రం సైప్రస్ వాడికి ఒకటి, పంజాబీకి ఒకటి. కాబట్టి ‘మ్యూలెటీర్’ కనిపించిన చోటల్లా ‘డ్రాబీ’ అని వేయకండి. డ్రాబీ అంటే భారతీయుడే.

తెలుగులో సొంత మాట ఎందుకు లేదని కూడా ఒకరు నన్ను ఇదివరకు అడిగారు. మనకు ఏనుగుకు మావటి ఉన్నాడు, గుర్రానికి రౌతు ఉన్నాడు, ఖచ్చర్‌కు ఎవరూ లేరు. ఎందుకంటే మన నేల మీద సరుకు మోసింది ఎద్దు. పెరికలు వేసిన ఎద్దులతో ఉప్పు, ధాన్యం తిప్పిన పెరికవాళ్లు, లంబాడీలు ఉన్నారు. చిన్న బరువులకు గాడిద ఉంది. కంచర గాడిద అన్న మాట నిఘంటువులో ఉన్నా, ఊళ్లో ఆ జంతువును చూసినవాళ్లు తక్కువ. అందుకే ఇవాళ గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ దాకా ఖచ్చర్ ఎక్కి వచ్చినవాళ్లు కూడా ఇంటికొచ్చి ‘గుర్రమెక్కి వెళ్లాం’ అనే చెబుతారు.

ఇక మీరు రాయాల్సింది. ‘డ్రాబీ’ని అలాగే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘సైన్యం కోసం కంచర గాడిదలను, వాటి బళ్లను నడిపే డ్రాబీలు’ అని ఒక్కసారి విప్పి చెబితే చాలు, తర్వాత ఉత్త డ్రాబీ అనవచ్చు. ‘గాడిదలు కాచేవాళ్లు’ అని మాత్రం రాయకండి, ఆ జంతువూ తప్పు, ఆ పనీ తప్పు. పాత రికార్డుల్లో ఏదైనా పేరు వెతకాల్సి వస్తే ఈ మాట ఇంగ్లిష్ స్పెల్లింగు చివర ఒకచోట ఐ, ఒకచోట వై, ఇంకోచోట ఐఈ ఉంటుంది. అన్నీ వేసి చూడండి, దాంతో పాటు ‘డ్రైవర్’ అని కూడా. పాత మెడల్ చేతికి దొరికితే దాని అంచు చుట్టూ తిప్పి చదవండి, మనిషి పేరు, హోదా, దళం సాధారణంగా అక్కడే చెక్కి ఉంటాయి.